జయకర్ వంతు

మగ్దలేనమ్మ మామిడికాయని చేతిలోకి తీసుకున్నాక దాని వంక చూడదు. బొటనవేలు తొడిమ చుట్టూ ఒకసారి తిరుగుతుంది, అరచెయ్యి బరువు చూస్తుంది, అప్పటికే అది ఏ గుట్టలోకి పోవాలో తేలిపోతుంది. పెద్దకాయ కుడివైపు, నడిమిరకం ముందుకి, జీడి కారి మచ్చపడ్డది వెనక్కి. కళ్ళు మాత్రం ఎదుటి స్తంభానికి కట్టిన నల్ల స్పీకరు మీద ఉంటాయి, పాట అందులోంచి బయటికొచ్చి కనపడుతుందన్నట్టు.

ఆ పూట స్పీకరులో వస్తున్నవి ఆమె పాటలే. పాత క్రైస్తవ కీర్తనలు. హార్మోనియం, తబలా, వెనక ఆడవాళ్ళ గొంతులు, ఆ గొంతుల వెనక పాత రికార్డు గరగర. ఆ గరగరంటే కూడా ఆమెకి ఇష్టమే. అది లేకుండా శుభ్రం చేసిన పాట ఎవరైనా వినిపిస్తే, స్నానం చేయించిన పిల్లిలా ఉందంటుంది.

నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. తోటల్లో తెల్లవారకముందే గెడలకి కట్టిన చిక్కాలతో దించిన బంగినపల్లి కాయ ట్రాక్టర్ల మీద వచ్చి గడ్డిలో కుప్పపడుతుంది. మగ్దలేనమ్మా ఇంకొందరు ఆడవాళ్ళూ రకాలు తీస్తారు. ముసలి సలోమోను అట్టపెట్టె అడుగున కాగితం పరిచి గడ్డి సర్దుతాడు. రిబ్కమ్మ కాయలు పేరుస్తుంది. చివర జయకర్ మూత మడిచి, టేపు వేసి, పెట్టెని వరుసలో పెడతాడు.

షెడ్డులో పాటకి వంతులున్నాయి. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా పెట్టెల వరుస ఒకటి నిండేవరకూ ఒకరి ఫోనులోని పాటలు. నిండగానే స్పీకరు ఇంకొకరికి మారుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. యజమాని తల్లి సుబ్బరత్నమ్మ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గుడ్డతో కాయలు తుడుస్తుంటుంది, ఆమెకీ ఒక వంతుంది. ఆమె వంతులో ఎప్పుడూ నాదస్వరమే. సలోమోను వంతులో నాటకాల పద్యాలు. రిబ్కమ్మ వంతులో కొత్త సినిమా పాటలు, మధ్యమధ్యలో డప్పుపాటలు.

ఈ పద్ధతిలో పైకి చెప్పుకోని సంగతి ఒకటుంది. పాట నచ్చితే చేతులు నెమ్మదిస్తాయి. వరుస నిండితే పాట పోతుంది కదా. నచ్చకపోతే చేతులు ఊపందుకుంటాయి. ఎవరూ ఎవరితోనూ అనుకుని చేసేది కాదు. మగ్దలేనమ్మ కీర్తనలకి పెట్టెలు పెళ్ళినడక నడుస్తాయి. సలోమోను పద్యాలకి మొదట జోరుగా వచ్చి, నటుడు రాగం తీసేచోట ఆగిపోతాయి. పెట్టెలన్నీ చివరికి తన దగ్గరికే చేరతాయి గనక ఎవరి పాటకి ఎంత ఆదరణ ఉందో జయకర్ చేతులకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కీర్తనల వరుస నిండింది. మగ్దలేనమ్మ ఫోను ఆపి, జీడి అంటకుండా చేతులకి రాసుకున్న కొబ్బరినూనె చీరకొంగుకి తుడుచుకుంది.

"తర్వాత ఎవరు? జయకర్ తమ్ముడూ, నీదేగా?"

"రిబ్కకి ఇచ్చెయ్ అక్కా" అన్నాడు జయకర్ ఎప్పట్లాగే.

"రోజూ రిబ్కకే ఇస్తే అది పెళ్ళికొచ్చిన మేనకోడల్లా రెండు వంతులు తింటంది. ఇవాళ నువ్వు పెట్టాల్సిందే."

"మీకు పడవు అక్కా నా పాటలు."

"ఏం పాటలు బాబాయ్ అవి, పదిమందిలో వినకూడనివా?" అంది రిబ్కమ్మ. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు.

"నేను చూశాగా" అన్నాడు సలోమోను, గడ్డి చింపుతూ. "అన్నం తిన్నాక చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని, మురుగుకాలవ పక్కన కూర్చుని, నెమరేసే గేదెలాగా తలాడిస్తుంటాడు. దెయ్యం పట్టిందేమోనని ప్రార్థన చేయిద్దామనుకున్నా."

జయకర్ నవ్వలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. టేపు మిషను పక్కన పెట్టి, ఫోను తీసి, చాలాసేపు వేలు పైకీ కిందకీ జరిపాడు. అందరూ చూస్తున్నారు. ఏదో మెత్తనిది పెడితే సరిపోయేది. కానీ ఇన్నాళ్ళకి అడిగారు, అడిగినప్పుడు అన్నిటికన్నా మంచిదే పెట్టాలనిపించింది అతనికి.

పెట్టాడు.

రెండు గిటార్లు ఒక్కసారిగా రేకుల మీద వడగళ్ళలాగా పడ్డాయి. వెనక డ్రమ్ములు. ఆ తర్వాత ఒక మనిషి, గొంతులో ఇసుక పోసుకున్నట్టు, అరుస్తూ. రిబ్కమ్మ రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. సుబ్బరత్నమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఇది పాటా, షెడ్డు కూలిపోతందా?" అన్నాడు సలోమోను.

"ఆపమంటారా?"

"ఆపకు, వంతు వంతే" అంది మగ్దలేనమ్మ. అని ఊరుకోకుండా, కాయలు రెండు చేతులతో తీయటం మొదలుపెట్టింది. పెట్టెలు జయకర్ మీదకి వరదలాగా వచ్చిపడ్డాయి. ఒకదానికి టేపు వేసేలోపు ఇంకో రెండు. సీజను మొదలైనప్పట్నుంచీ అంత వడిగా అతనెప్పుడూ చూడలేదు. రెండో పాట సగంలో ఉండగానే వరుస ఆ చివరి స్తంభాన్ని తాకింది.

"హమ్మయ్య" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో జయకర్ తలెత్తి చూడలేదు.

సాయంత్రం ఇంటికి పోబోతుంటే సుబ్బరత్నమ్మ మనవడు ఫణి పిలిచాడు. హైదరాబాదులో చదువు పూర్తిచేసుకుని ఈ ఏడే షెడ్డు చూసుకుంటున్నాడు. మర్యాదస్తుడు, కూలికొచ్చిన వాళ్ళని కూడా 'గారు' అంటాడు.

"జయకర్ గారూ, ఇందాక మీరు పెట్టిన పాటలు భలే ఉన్నాయండీ. నాకు ఇస్తారా?"

జయకర్ ముందు సరిగ్గా విన్నానా లేదా అని చూశాడు. "మీకు నచ్చాయా బాబూ?"

"చాలా. మీ దగ్గరున్నవన్నీ ఇచ్చెయ్యండి."

జయకర్ అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ఫణి పెన్‌డ్రైవులోకి పాటలు ఎక్కుతున్నంతసేపూ ఆగకుండా మాట్లాడాడు. అతను అన్ని మాటలు మాట్లాడటం షెడ్డులో ఎవరైనా విని ఉంటే నమ్మేవాళ్ళు కాదు.

"వీళ్ళు ముగ్గురే బాబూ, వినండి, పదిమంది ఉన్నట్టు ఉంటంది. వీళ్ళ పేరు నాకు తెలీదు, నేను రైలోళ్ళు అని పిలుచుకుంటా. ఎందుకంటే ఆ డ్రమ్ము చూడండి, బ్రిడ్జి మీద రైలు పోయినట్టే. ఇంకోళ్ళు ఉన్నారు, పొడుగు పాటోళ్ళు, నిదానంగా మొదలుపెడతారు, మీరు తొందరపడి మార్చకూడదు. హాస్టల్ మెస్సులో పనిచేసినప్పుడు స్టూడెంట్సు పెట్టేవాళ్ళు. చపాతీపిండి పిసికేవాణ్ణి, ఆ దెబ్బకీ నా చేతికీ సరిగ్గా కుదిరేది. వెళ్ళిపోతా ఒకబ్బాయి అన్నీ ఎక్కించి ఇచ్చాడు."

"సూపరండీ" అన్నాడు ఫణి, స్క్రీను మీదనుంచి కళ్ళు తీయకుండా.

జయకర్ సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికి పోయాడు.

*

పొద్దున షెడ్డుకి వచ్చేసరికి స్పీకరుకి పెన్‌డ్రైవు పెట్టి ఉంది. రైలోళ్ళు మోగుతున్నారు. జయకర్‌కి గుండె ఉప్పొంగింది. ఫణి టేబులు దగ్గర్నుంచి లేచి వచ్చి అందరికీ వినపడేలా చప్పట్లు కొట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఈ పాటలేనండీ. వంతులు వద్దు. నిన్న జయకర్ గారి పాట పెట్టగానే మీ చేతులు ఎలా పరిగెత్తాయో నేను చూశాను. బీటులో ఉందండీ అంతా! ఈ లెక్కన సాయంత్రానికి ఇంకో లారీ లోడు చెయ్యొచ్చు. థాంక్స్ జయకర్ గారూ."

షెడ్డంతా జయకర్ వంక తిరిగింది.

అతను టేపు మిషను తీసుకుని, టేపు కొస ఎక్కడుందో గోటితో వెతుక్కుంటూ నిలబడ్డాడు.

మొదటి వరుస నిన్నటిలాగే ఊపు మీద నిండింది. నిండగానే మగ్దలేనమ్మ అలవాటు కొద్దీ కొంగుకి చెయ్యి తుడుచుకుని ఫోను కోసం తడిమింది. స్పీకరు ఆగలేదు. ఆమె చెయ్యి అక్కడే కాసేపు ఉండి, మళ్ళీ కాయల మీదకి వచ్చింది. రెండో వరుస కూడా జోరుగానే నిండింది. ఇదైనా నిండితే ఆపుతారేమోనన్న ఆశ ఇంకా చేతుల్లో ఉంది. ఫణి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నానికి రెండో లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది.

లారీ వచ్చాక దాన్ని నింపకుండా ఎవరూ ఇంటికి పోలేరు. ఎండకి రేకులు కాగి టకటకమంటున్నాయి. కుప్ప తరుగుతున్నకొద్దీ ట్రాక్టరు ఇంకో కుప్ప తెచ్చి పోస్తోంది. పై వరసలకి పెట్టెలు అందించి అందించి సలోమోను నడుం పట్టేసింది. పొద్దు వాలిపోయి, పిట్టలు తోటల్లోకి చేరేవేళకి ఆఖరి పెట్టె ఎక్కింది.

"ఒరేయ్ జయకరూ" అన్నాడు సలోమోను, గుంజకి వీపు రాసుకుంటూ. "ఆ చర్నాకోల ఎక్కడ కొన్నావురా? మంచి నాణ్యంగా ఉంది. మోగినప్పుడల్లా వీపు చుర్రుమంటంది."

"నేను అడిగి పెట్టించింది కాదు బాబాయ్."

"నేను పెట్టు పెట్టు అన్నాను చూడు, నన్ననాలి" అంది మగ్దలేనమ్మ. ఆమె గొంతులో కోపం జయకర్ మీదా, తన మీదా తెలియలేదు. "సొంత పాటలు వాళ్ళ చేతిలో పెట్టడమేంటయ్యా? పొగిడితే చాలు, పొంగిపోవడమే."

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. జయకర్ చెవిలో తీగలు పెట్టుకోకుండా ఇంటికి పోయాడు. ఆ రాత్రే కాదు, తెల్లారి లేచాక కూడా ఫోను ముట్టుకోలేదు. అంత ఇష్టంగా దాచుకున్నది పదిమంది ఒళ్ళు హూనం చేసే పనికి వాడుతున్నారంటే, అందులో తప్పు వాడినవాళ్ళదే అయినా, ఆ పాట తలుచుకుంటే అతనికి ఇప్పుడు సలోమోను నడుమే గుర్తొస్తోంది.

పనిలోకి దిగేముందు ఫణి టేబులు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"బాబూ, ఆ పాటలు తీసెయ్యండి."

"అదేంటండీ! మీవేగా?"

"నావే. అందుకే."

ఫణికి నిజంగానే అర్థం కాలేదు. "అందరికీ వినిపించడం మీకు ఇష్టం లేదా?"

"వినిపించడం కాదు బాబూ ఇది" అన్నాడు జయకర్. వెనక్కి వచ్చేశాడు. ఫణి అతని వెనకే చూసి, ఏదో సిగ్గు కాబోలనుకుని, సౌండు కాస్త పెంచాడు.

ఆ రోజు పెట్టెలు రాలేదు. రాలేదంటే, వస్తున్నాయి గానీ, వాటిలో ఊపు లేదు. వరుస నిండితే ఏం మారుతుంది? నిండకపోతే ఏం మారుతుంది? పాట పోదు. అలాంటప్పుడు ఎవరు తొందరపడతారు? చేతులు పనికి తగినంత కదులుతున్నాయి, అంతే. మాటలు కూడా లేవు. ఆ గోలలో మాట్లాడాలంటే అరవాలి, అరిచే ఓపిక నిన్నటి లారీకే అయిపోయింది. అలా ఎవరూ మాట్లాడకుండా, తొందర లేకుండా, తప్పించుకునే దారి లేకుండా షెడ్డంతా ఆ పాటల్లో కూర్చుంది.

పొద్దెక్కేసరికి పొడుగు పాటోళ్ళు మొదలుపెట్టారు. ఒక్క గిటారు, అంతే. ఒక్కొక్క తీగ మీటి, అది పూర్తిగా ఆరిపోయాక ఇంకోటి. వాన వెలిశాక ఆకుల మీంచి చుక్కలు పడ్డట్టు. జయకర్ తల వంచుకుని టేపు వేస్తున్నాడు. వెనకనుంచి ఆడగొంతులు చాలా సన్నగా లేచాయి, మాటలేమీ లేకుండా, ఊ అంటూ.

మగ్దలేనమ్మ బొటనవేలు తొడిమ దగ్గర ఆగిపోయింది.

"తమ్ముడూ."

జయకర్ వినపడనట్టే ఉన్నాడు.

"నిన్నే. వెనక ఆ ఊ అంటున్నది ఎవరు?"

"ఎవరో పాడేవాళ్ళు అక్కా. పేరు తెలీదు."

"మా అమ్మ వాళ్ళ చర్చిలో ఇట్టాగే పాడేవాళ్ళు. పాట ముందునుంచి పోతంటే వీళ్ళు వెనక ఊపిరి పట్టి ఉంచేవాళ్ళు. నాలుగో గొంతు నాది." ఆమె కళ్ళు స్పీకరు మీదే ఉన్నాయి. "వాళ్ళు మన దేవుడి పాటేనా పాడేది?"

"తెలీదక్కా. మాట ఒక్కటి అర్థం కాదు నాకు."

"మరి ఏం వింటావు?"

జయకర్ టేపు తెంపాడు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. "ఒకళ్ళకొకళ్ళు చోటిచ్చుకోవడం వింటా" అన్నాడు చివరికి. "ఇప్పుడు చూడు, డ్రమ్ములోడు వస్తాడు. అందరికన్నా బలమైనోడు వాడే. కానీ చూడు, ఎంత మెల్లిగా వస్తాడో, పిల్ల నిద్రపోయే గదిలోకి తండ్రి వచ్చినట్టు."

డ్రమ్ము వచ్చింది. అలాగే వచ్చింది. మగ్దలేనమ్మ చేతిలో కాయ నడిమిరకం. దాన్ని పెద్దకాయల్లో పెట్టి, నాలిక్కరుచుకుని, మళ్ళీ తీసింది.

అన్నాల వేళ స్పీకరు ఆపారు. రెండు రోజుల్లో మొదటిసారి జయకర్‌ని రిబ్కమ్మే పిలిచింది, "బాబాయ్, మాగాయ ఉంది, ఇటు రా" అని. గడ్డి మీద అందరూ కూర్చున్నారు. సుబ్బరత్నమ్మ కుర్చీ కూడా నీడకోసం ఇటే జరిగింది.

"ఆ అరిచేవాడు ఉన్నాడే, మొదటి పాటలో" అన్నాడు సలోమోను ముద్ద కలుపుతూ. "వాడి గొంతు నాకు నచ్చలా. ఆ మాట ముందు చెప్తున్నా. కానీ ఊపిరి మాత్రం గట్టిదిరా. చివర ఒకచోట పట్టుకున్నాడు చూడు, నేను గడ్డి సర్దుతా సర్దుతా నా ఊపిరి కూడా బిగబట్టా. వాడు వదిలాకే నేను వదిలా."

"అది నేనూ ప్రతిసారీ చేస్తా" అన్నాడు జయకర్.

"మా నాటకాల్లో ఒకాయన ఉండేవాడు. పద్యం చివర రాగం తీస్తే హార్మోనియం వాయించేవాడు చేతులు తీసేసి బీడీ వెలిగించుకునేవాడు. బీడీ అయ్యేది, రాగం అయ్యేది కాదు."

"అబద్ధాలు" అంది రిబ్కమ్మ.

"నీకేం తెలుసే, రెండు నిమిషాల పాటల దానివి." సలోమోను చెయ్యి కడుక్కుని, కూర్చున్నచోటే పద్యం ఎత్తుకున్నాడు. గొంతు బొంగురు, పన్ను లేనిచోట గాలి పోతోంది. అయినా రాగం దగ్గరికొచ్చేసరికి మెడ నరాలు తేలి, గొంతు ఎక్కడినుంచో పైకి లేచింది. జయకర్ చేతులు వాటంతట అవే ఖాళీ పెట్టె మీదకి పోయాయి. రాగం ఊగుతున్నంతసేపూ వేళ్ళతో సన్నగా, రాగం దిగేచోట అరచేత్తో ఒక్కటి, రెండు, మూడు దెబ్బలు. సలోమోను కళ్ళు తెరిచి చూశాడు. ఆపలేదు. ఇంకో చరణం ఎక్కువ తీశాడు.

"ఇది బాగుందయ్యా" అంది సుబ్బరత్నమ్మ. "మా పెళ్ళిళ్ళలో డోలు వాయించేవాడు కూడా ఇట్టాగే, సన్నాయి వాడు ఊపిరి తీసుకునేచోట వాడు అందుకునేవాడు. మీ డ్రమ్ములోడిదీ అదే పని."

"అదేనమ్మగారూ" అన్నాడు జయకర్. ఇంకా చెప్పాలనిపించింది. "మీ నాదస్వరం పెట్టినప్పుడు నేను టేపు నిదానంగా వేస్తా. ఆ టేపు చప్పుడు అడ్డమొస్తదని."

ఆమె అతని వంక కొత్తగా చూసింది. "నేను గమనించలేదు సుమా."

"గమనిస్తే ఇంకేముంది" అంది మగ్దలేనమ్మ. "నా కీర్తనలకైతే టేపు మిషనే కింద పెట్టేస్తాడు. పెట్టెలు పేరుకుంటే నన్నే తిడతారు బాబుగారు."

*

మరునాడు పొద్దున్నే ఫణి వరుసల మధ్య అటూ ఇటూ తిరిగాడు. నిన్న ఒక లారీ కూడా పూర్తిగా నిండలేదు. పొడుగు పాటలు తీసేసి రైలోళ్ళని పెట్టాడు. సౌండు పెంచాడు, తగ్గించాడు. పెట్టెలు తమ నడక తాము నడుస్తున్నాయి. చివరికి వెళ్ళి నాయనమ్మ కుర్చీ పక్కన కాయల ట్రే మీద కూర్చున్నాడు.

"అవే పాటలు నాయనమ్మా. అవే చేతులు. ఏమైందంటావు?"

సుబ్బరత్నమ్మ కాయ తుడిచి పక్కన పెట్టింది. "నీకు వంకాయకూర ఇష్టం లేదు కదరా?"

"లేదు."

"చిన్నప్పుడు కంచంలో వేస్తే ముందు దాన్నే గబగబా మింగేసేవాడివి, తర్వాత పప్పు తినొచ్చని. అది చూసి మీ అమ్మ నీకు వంకాయంటే ప్రాణమనుకుని, రోజూ అదే వండింది. ఏం చేశావు?"

"తినడం మానేశాను" అన్నాడు ఫణి. అంటూనే ఆగాడు. స్పీకరు వంక చూశాడు. వరుస వంక చూశాడు. చెవి వెనక గోక్కున్నాడు. "అంటే ఆ రోజు... బీటు కాదా?"

"బీటూ కాదు, బీట్రూటూ కాదు. పాట వదిలించుకోవడానికి చేశార్రా."

"నువ్వు ముందే చెప్పొచ్చుగా!"

"అడిగావా? మొన్న చీకటిపడేదాకా వాళ్ళని నిలబెట్టావు, అప్పుడు అడుగుతావేమోనని చూశాను."

ఫణి మొహం కందగడ్డలా అయింది. లేచి, నేరుగా స్పీకరు దగ్గరికి వెళ్ళి, పెన్‌డ్రైవు ఊడదీశాడు. హఠాత్తుగా వచ్చిన నిశ్శబ్దంలో గడ్డి కదిలిన చప్పుడు కూడా వినపడింది.

"వంతులు మీరే చూసుకోండమ్మా" అన్నాడు మగ్దలేనమ్మతో. "రెండో లారీ ఇక పిలవను. సలోమోను గారూ, మొన్న మీకు ఇబ్బందయింది. తప్పు నాదే." పెన్‌డ్రైవు జయకర్ చేతిలో పెట్టాడు. "ఇది మీదేనండీ. మీకు చెప్పకుండా చేశాను, సారీ."

జయకర్ దాన్ని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "పర్లేదు బాబూ" అన్నాడు. మనసులో మాత్రం, ఇంక ఇవి షెడ్డులో మోగవు అనుకున్నాడు. మోగకపోవడమే మంచిదనుకున్నాడు.

వంతులు మళ్ళీ మొదలయ్యాయి. షెడ్డుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. రిబ్కమ్మ పాటలకి ఆడవాళ్ళు భుజాలు కదిలిస్తూ కాయలు తీశారు. సుబ్బరత్నమ్మ నాదస్వరం వచ్చినప్పుడు జయకర్ టేపుని చప్పుడు కాకుండా సాగదీసి వేశాడు. ఈసారి ఆమె అటే చూస్తోంది. సలోమోను పద్యాలకి పెట్టెలు మొదట జోరుగా వచ్చి, రాగం దగ్గర ఆగాయి. ఎండ గుమ్మంలోంచి వెనక్కి జరిగింది. మగ్దలేనమ్మ కీర్తనల వరుస నిండి, ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంది.

"తమ్ముడూ, నీది."

"రిబ్కకి ఇచ్చెయ్ అక్కా."

"నాకొద్దు" అంది రిబ్కమ్మ. తలెత్తకుండా కాయలు పేరుస్తూ, "నా ఫోనులో చార్జింగు లేదు" అంది. ఆ ఫోను గోడకి తగిలించిన సంచిలో టింగుమని మోగింది. ఎవరూ నవ్వలేదు.

జయకర్ అందరి మొహాలూ చూశాడు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. సరే, తప్పించుకోలేను, కాసేపేగా అనుకున్నాడు. వాళ్ళు ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిది. వాళ్ళకి సాయంగా మూతలు కొన్ని ముందే మడిచి పెట్టుకున్నాడు. టేపు కొస విప్పి సిద్ధంగా అంటించుకున్నాడు. ఫోను తీసి, మొన్న ఎవరూ వినని పాట ఒకటి, తను ఒంటరిగా ఉన్నప్పుడే పెట్టుకునేది, పెట్టాడు. మిషను పట్టుకుని నిలబడ్డాడు.

పాట నెమ్మదిగానే మొదలైంది. ఒక పెట్టె వచ్చింది. మూత మూసి టేపు వేసి వరుసలో పెట్టాడు. ఇంకోటి వచ్చింది, దానికీ వేశాడు. గిటారు ఒకటి పాట కింద చేరింది, దాని వెనక ఇంకోటి. అతను చెయ్యి చాపాడు.

పెట్టె రాలేదు.

కాసేపు చెయ్యి చాచే ఉంచాడు. గడ్డిలో కాయలు అయిపోయాయేమో అనుకున్నాడు. కుప్ప నడుమెత్తు ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమో అని తలెత్తి చూశాడు.

రిబ్కమ్మ రెండు చేతుల మధ్య ఒక కాయ పట్టుకుని ఉంది, పెట్టెలో పెట్టలేదు. సలోమోను పరిచిన కాగితాన్నే మళ్ళీ అరచేత్తో సాపు చేస్తున్నాడు, ముడతలేమీ లేవు దాంట్లో. మగ్దలేనమ్మ బొటనవేలు తొడిమ చుట్టూ ఒకసారి తిరిగి, రెండోసారి తిరిగి, ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె కళ్ళు స్పీకరు మీదున్నాయి.

ఈ వరుస ఎలాగూ రయ్యిన నిండుతుందని ధీమాగా ఉన్న ఫణి టేబులు దగ్గర్నుంచి లేచొచ్చాడు. "ఏంటండీ, పాట పెట్టారుగా? వరుస ఇంకా అవ్వలేదేంటి?"

"ఉండరా" అంది సుబ్బరత్నమ్మ, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని. "అవుతుందిలే."

జయకర్‌కి చెయ్యడానికి పనేమీ లేదు. టేపు మిషను మూసిన పెట్టె మీద మెల్లిగా, చప్పుడు కాకుండా పెట్టి, అందరితోపాటు విన్నాడు.